ఉదయం సముద్రం, మధ్యాహ్నం అరకు: ఈ ప్లాన్‌లో తప్పెక్కడ?

హైదరాబాద్ నుంచి అక్కా బావా వస్తున్నారంటే మా ఇంట్లో వారం ముందే హడావుడి మొదలవుతుంది. ఈసారి ప్లాన్ బావే వేసి వాట్సాప్‌లో పంపాడు. శనివారం పొద్దున్నే రుషికొండలో స్కూబా డైవింగ్, ఆ తర్వాత టిఫిన్, పదకొండింటికల్లా కారెక్కి అరకు, రాత్రి అక్కడే బస. ఆదివారం బొర్రా గుహలు చూసుకుని వెనక్కి వచ్చి రాత్రి విమానం. వైజాగ్ వచ్చేవాళ్లలో చాలామంది వేసుకునే ప్లానే ఇది. ఉన్న రెండు రోజుల్లోనే సముద్రమూ చూడాలి, కొండలూ చూడాలి.

నేను వెంటనే ఫోన్ చేశాను. "బావా, డైవింగ్ చేసిన రోజు ఘాట్ రోడ్డు ఎక్కకూడదు" అన్నాను.

"ఒడ్డుకొచ్చేశాక కొండకీ దానికీ సంబంధమేంట్రా?" అన్నాడు.

చదువుకున్నవాడు, ఈత బాగా వచ్చినవాడు అడిగిన ప్రశ్న ఇది. అంటే ఎంతోమందికి ఇదే సందేహం ఉంటుంది. సంబంధం ఎక్కడుందో అర్థమైతే డైవింగ్‌లో శరీరానికి ఉన్న ప్రమాదాలు చాలావరకు అర్థమైనట్టే. సముద్రం అడుగున ఉన్న ప్రాణులకు మన వల్ల జరిగే నష్టం కూడా చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది. రెండింటి వెనకా ఉండేది తొందరే.

గోలీసోడా లెక్క

గోలీసోడా సీసాలో గోలీ బిగుసుకుని ఉన్నంతసేపూ నీళ్లు తేటగా, నిలకడగా ఉంటాయి. గ్యాస్ లోపలే ఉంటుంది, కాకపోతే ఒత్తిడికి నీళ్లలో కరిగిపోయి కంటికి కనిపించదు. గోలీని లోపలికి నొక్కగానే ఒత్తిడి పోతుంది, బుస్సుమంటూ బుడగలు పైకి తన్నుకొస్తాయి. డైవింగ్ చేసినవాళ్ల ఒంట్లో నైట్రోజన్ పరిస్థితి కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ముందు ఒక అపోహ తొలగించాలి. వీపుకు కట్టే సిలిండర్‌ను అందరూ ఆక్సిజన్ సిలిండర్ అంటారు. సరదా డైవింగ్‌లో అందులో ఉండేది సాధారణంగా మనం రోజూ పీల్చే గాలే, గట్టిగా కుదించి నింపినది. అంటే దాదాపు 78 శాతం నైట్రోజనే. నేలమీద ఉన్నప్పుడు మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ అంతే ఒత్తిడి అదనంగా చేరుతుంది. 10 మీటర్ల దగ్గర రెట్టింపు, 20 మీటర్ల దగ్గర మూడు రెట్లు. నోట్లో పెట్టుకున్న రెగ్యులేటర్ మనకు గాలిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా అందిస్తుంది. లేకపోతే ఛాతీ విప్పార్చి ఊపిరి పీల్చలేం. ఆ ఒత్తిడి వల్లే మామూలుకన్నా ఎక్కువ నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. ఎంత లోతుకు దిగితే, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ.

నెమ్మదిగా పైకి వస్తే ఆ నైట్రోజన్ ఊపిరితిత్తుల ద్వారా సద్దుచేయకుండా బయటికి పోతుంది. గబగబా వస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లలో నొప్పి, తిమ్మిర్లు, చర్మం మీద మచ్చలు, మామూలుగా ఎప్పుడూ లేనంత నీరసం వస్తాయి. వెన్నుపాము దగ్గర బుడగలు చేరితే కాళ్లు పట్టు తప్పుతాయి. దీన్ని డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు.

ఈ జబ్బు మొదట్లో పేరుకెక్కింది సముద్రంలో కాదు, వంతెనల దగ్గర. 1870లలో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం నది అడుగున గాలి కుదించిన గదుల్లో పనిచేసిన కూలీలు పైకి రాగానే నొప్పులతో మెలితిరిగిపోయేవారు. ఆ వంతెన కట్టించిన ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా ఇదే జబ్బుతో మంచాన పడ్డాడు. కారణం నైట్రోజన్ బుడగలేనని ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లో తేల్చాడు. బ్రిటన్‌లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎలా ఆగుతూ పైకి రావాలో 1908లో పట్టికలు ప్రచురించాడు. ఒత్తిడి సగానికి తగ్గేవరకు శరీరం తట్టుకుంటుందన్నది ఆయన మొదటి అంచనా. తర్వాత ఆ అంచనాను చాలా సవరించారు. అయినా 10 మీటర్ల లోపు డైవ్ నుంచి వచ్చినవాళ్లకు ఈ జబ్బు ఎందుకు అరుదో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. అక్కడ ఒత్తిడి రెట్టింపు, ఒడ్డున మామూలు. సరిగ్గా సగం.

ఇప్పుడు అరకు సంగతి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో వచ్చే గాలికొండ వ్యూపాయింట్ ఇంకా ఎత్తు. 900 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం కన్నా ఇంచుమించు పదో వంతు తక్కువ. విమానంలో ఇంకా ఎక్కువ తేడా. క్యాబిన్‌లో ఒత్తిడిని 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు కాబట్టి నాలుగో వంతు దాకా తగ్గుతుంది. శరీరంలో మిగిలిన నైట్రోజన్ పూర్తిగా పోకముందే మనం ఇంకోసారి గోలీని నొక్కుతున్నామన్నమాట. అందుకే విమానం ఎక్కడానికి ముందు ఒక్క డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యులు చెబుతారు. చాలామంది 24 గంటలే లెక్కపెట్టుకుంటారు, నేనూ అంతే. కొండలకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. డైవింగ్ లెక్కల్లో 300 మీటర్లు దాటితే ఎత్తైన చోటు కిందే లెక్క.

ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాలి. ఏడెనిమిది మీటర్ల లోతులో ఇరవై నిమిషాలు ఉండి వచ్చినవాళ్ల ఒంట్లో చేరే నైట్రోజన్ కొద్దిగానే. డైవ్ చేసి అరకు వెళ్లిన వాళ్లందరూ జబ్బు పడరు. మన భయం ఇంకోచోట ఉంది. లక్షణాలు డైవ్ అయిన కొన్ని గంటల తర్వాత కూడా మొదలు కావచ్చు. రాత్రి అరకులో భుజం లాగితే కారులో కూర్చుని పట్టేసిందనుకుంటాం. ఒళ్లంతా నీరసంగా ఉంటే ఎండదెబ్బ అనుకుంటాం. డాక్టర్ దగ్గరికి వెళ్లినా "పొద్దున సముద్రంలో డైవ్ చేశాం" అన్న మాట మన నోటి నుంచి రాదు. ఆ ఒక్కమాట చెప్పకపోతే ఏ డాక్టరైనా ఇంకేదో వెతుకుతాడు. ఈ జబ్బుకు మొదటి వైద్యం స్వచ్ఛమైన ఆక్సిజన్. అసలు వైద్యం ఒత్తిడి గదిలో పడుకోబెట్టి మళ్లీ ఒత్తిడి పెంచి నెమ్మదిగా దించడం. ఆ గది కొండమీద దొరకదు. డైవ్ బుక్ చేసుకునేటప్పుడే "బోటులో ఆక్సిజన్ ఉందా, అవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు?" అని అడగండి. జవాబు వెంటనే, స్పష్టంగా రావాలి. రాకపోతే అక్కడ దిగొద్దు.

మొదటి మూడు మీటర్లు

లోతులతో పని వైజాగ్‌కు కొత్త కాదు. 1971 డిసెంబర్‌లో మన తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి దిగి చూసినవాళ్లు నౌకాదళ డైవర్లే. 2025 జూలై 18న ఇదే నగరంలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ డైవర్ల పని కోసమే కట్టిన నౌక. కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డే. ఆ నౌక మీద నుంచి 300 మీటర్ల లోతు దాకా డైవర్లు పనిచేయగలరు. వాళ్లంతా ఎంతో కాలం శిక్షణ తీసుకుని దిగేవాళ్లు. టూరిస్టులుగా మనం పావుగంట మాటలు విని దిగుతాం.

తక్కువ లోతే కదా అన్న ధీమా ఇక్కడే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పైకి వచ్చేటప్పుడు గాలి ఎంత వ్యాకోచిస్తుందో చూడండి. 30 మీటర్ల నుంచి 20 మీటర్లకు వస్తే ఒత్తిడి నాలుగు నుంచి మూడుకు తగ్గుతుంది, గాలి మూడో వంతు పెరుగుతుంది. అదే 10 మీటర్ల నుంచి పైకి వస్తే ఏకంగా రెట్టింపు అవుతుంది. అంటే మార్పు అన్నిటికన్నా జోరుగా ఉండేది పై నీళ్లలోనే, కొత్తవాళ్లు ఉండేచోటే.

మనలో ఈత వచ్చినవాళ్లు ఎక్కువమంది బావిలోనో చెరువులోనో నేర్చుకున్నవాళ్లు. నీళ్లలో తల ముంచే ముందు మనకు నేర్పిన మొదటి పాఠం "ఊపిరి బిగబట్టు". అక్కడ ఆ పాఠం సరైనదే. ఒడ్డున పీల్చిన గాలితోనే దిగుతాం, పైకొచ్చేసరికి అది మళ్లీ పీల్చినంతే అవుతుంది. స్కూబాలో మాత్రం ఆ పాఠం ప్రాణం మీదికి తెస్తుంది. లోతులో, ఒత్తిడిలో పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లో ఉంటుంది. భయపడి ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తుల పొరను చీలుస్తుంది. నిండా ఊపిరి పీల్చి ఉంటే మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఇది జరగవచ్చు. గాలిబుడగలు రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరితే నిమిషాల్లో పక్షవాతం వచ్చినట్టు పడిపోతారు. స్కూబాలో ఒక్క నియమమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోయినా పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

ఎక్కువమందికి తగిలే దెబ్బ మాత్రం చెవులకే. కర్ణభేరికి బయట నీటి ఒత్తిడి పెరుగుతుంటే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం తెరుచుకుని రెండువైపులా సమానమవుతుంది. దీన్నే ఈక్వలైజ్ చేయడం అంటారు. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే, ప్రతి మీటరుకూ చేయాలి. జలుబుంటే ఆ గొట్టం వాచి మూసుకుపోయి ఉంటుంది. నా మొదటి డైవ్‌కు ముందు రోజు నాకు జలుబు. డబ్బు కట్టేశాం, ఫ్రెండ్స్ అందరూ దిగుతున్నారు, నేనొక్కడినే ఆగడం ఏమిటని మాత్ర వేసుకుని దిగాను. మూడు మీటర్ల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టైంది. ఇంకొంచెం ఓర్చుకుంటే సర్దుకుంటుందని ఓర్చుకున్నాను. రెండు వారాలు ఆ చెవి సరిగా వినిపించలేదు. మాత్ర ప్రభావం లోతులో ఉండగా తగ్గిపోతే ఇంకా ఇబ్బంది. అప్పుడు చెవిలో గాలి చిక్కుకుపోయి పైకి రావడమే కష్టమవుతుంది.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ గందరగోళం తెస్తుంది. నీళ్లలో కెమెరా కనపడగానే మనవాళ్లు బొటనవేలు పైకెత్తి చూపిస్తారు. డైవర్ల భాషలో దానికి అర్థం "నేను పైకి వెళ్లాలి" అని. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇబ్బందిగా ఉంటే అరచేతిని అటూ ఇటూ ఊపి, తర్వాత ఇబ్బంది ఎక్కడో వేలితో చూపించాలి.

గుండె సంగతి నలభై దాటినవాళ్లు శ్రద్ధగా వినాలి. నీళ్లలోకి దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీవైపు చేరుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. దానికి చలి, కెరటాలకు ఎదురీత, భయం తోడవుతాయి. డైవింగ్ మరణాల్లో పావు వంతుకు పైగా గుండెకు సంబంధించినవే. బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు, గతంలో టీబీ వచ్చి ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవాళ్లు డాక్టర్‌ను అడిగే దిగాలి. మన దగ్గర టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఎంతోమంది ఉన్నారు, ఆ మాట ఫారంలో రాసేవాళ్లు తక్కువ. గర్భిణులు అసలు దిగకూడదు. సంతకం పెట్టమని ఇచ్చే ఆరోగ్య ఫారం డైవింగ్ నడిపేవాళ్ల రక్షణకని మనం గబగబా అన్నింటికీ "లేదు" అని టిక్ పెట్టేస్తాం. దాన్ని చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

మన సముద్రం తీరు కూడా కొంత తెలియాలి. వర్షాకాలంలో సముద్రం పోటెత్తి ఉంటుంది, అక్టోబర్ నవంబర్‌లలో తుపాన్ల భయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. పెద్ద వాన పడ్డాక గెడ్డల నీళ్లన్నీ సముద్రంలోనే కలుస్తాయి. మురుగుతో కూడిన ఆ నీళ్లలో దిగితే చెవుల్లో ఇన్‌ఫెక్షన్లు, కడుపులో జబ్బులు వస్తాయి. అలాంటప్పుడు రెండు మూడు రోజులు ఆగడం మంచిది. కెరటాల హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తూనే ఉంటుంది, బయల్దేరే ముందు చూడండి.

రాళ్ల మీద ఇళ్లు

అండమాన్ ఫోటోలు చూసి వచ్చినవాళ్లు ఇక్కడ నీళ్లలోకి దిగి "ఏముంది, రాళ్లేగా" అంటారు. నాకు బాధ కలిగించే మాట ఇది. రుషికొండ, మంగమారిపేట దగ్గర నీళ్లలో ఉన్నవి మన తూర్పు కనుమల రాళ్లే. కొండ ఒడ్డుతో ఆగిపోకుండా సముద్రంలోకి కూడా సాగింది. చుట్టూ మైళ్ల కొద్దీ ఇసుక ఉన్నచోట పట్టుకోవడానికి ఒక గట్టి రాయి దొరికితే చాలు, దానిమీద ఊరే వెలుస్తుంది. ఆలిచిప్పలు, రాయికి అంటుకుని బతికే స్పాంజ్ జీవులు, పువ్వుల్లా విచ్చుకునే సీ అనిమోన్‌లు, సందుల్లో పీతలు, నీడలో పిల్లచేపలు. ఆ రాయి దగ్గరికి పెద్ద చేపలు మేతకు వస్తాయి, వాటికోసం జాలర్లు వస్తారు. డైవింగ్ స్పాట్ అని మనం అంటున్నది వాళ్ల వేట చోటు కూడా.

అక్కడ మన వల్ల ఏం జరుగుతుంది? మొదటిది తాకిడి. తేలుతూ ఉండే బ్యాలెన్స్ రానివాడు మోకాళ్ల మీద కూలబడతాడు, చేతికి అందిన రాయిని పట్టుకుంటాడు, కాళ్లకు తొడుక్కున్న రెక్కలతో (ఫిన్స్) అడుగును తంతాడు. స్పాంజ్ లాంటివి ఒక్క దెబ్బకే ఊడిపోతాయి. లేచిన ఇసుక మెల్లగా వాటి మీదే పేరుకుంటుంది. నీటిని వడగట్టుకుని బతికే ప్రాణులకు అది ముక్కులో దుమ్ము పోసినట్టే. ఒక్కడు చేసిన నష్టం కొద్దిగానే ఉంటుంది. కానీ బోటు రోజూ ఆ నాలుగు రాళ్ల దగ్గరికే వెళ్తుంది, ప్రతి శనివారం, ప్రతి ఆదివారం.

ఎర్ర సముద్రం లాంటి చోట్ల పగడాల దిబ్బలను పరిశీలించినవాళ్లు ఒక్కో చోట ఏడాదికి 5,000 నుంచి 6,000 డైవ్‌లు దాటితే నష్టం వేగంగా పెరుగుతుందని అంచనా వేశారు. అది పగడాల లెక్క, మన రాళ్లకు యథాతథంగా వర్తించదు. కానీ ఈజిప్టులో 1990లలో చేసిన ఇంకో పరిశీలన మనకు నేరుగా పనికొస్తుంది. ఏది ప్రాణమున్నది, ఏది వట్టి రాయి, ఎలా తాకకుండా ఉండాలి అని దిగే ముందు కాసేపు వివరించి చెబితే డైవర్లు పగడాలను తాకడం మూడో వంతుకు పడిపోయింది. ఖర్చేమీ లేదు. పడుతున్నది కాస్త సమయం, అంతే.

ఇక చేతులకు దొరికినవి ఏరుకోవడం. గుర్రపు చేపలు, సముద్ర దోసకాయలు, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవి, తీయడం నేరం. ఖాళీ శంఖం తీస్తే తప్పేమిటని అడుగుతారు. ఆ ఖాళీ శంఖంలోనే హెర్మిట్ పీత కాపురం పెడుతుంది. వీడియో కోసం బిస్కెట్లు, బ్రెడ్ చల్లడం కూడా మానాలి. చేపలు గుంపుగా మనచుట్టూ చేరితే ఫోటో బాగుంటుంది, కానీ మేత కోసం అవి చేసే పని ఆగిపోతుంది. వాటి పని రాళ్ల మీద పెరిగే నాచును తినడం. ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్ గురించి ఇంకా వాదనలు నడుస్తున్నాయి. హవాయి మాత్రం ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2021 జనవరి నుంచి ఆపేసింది. ఆ వాదనలు తేలేదాకా ఆగక్కర్లేదు, పొడుగుచేతుల స్విమ్ షర్ట్ వేసుకుంటే సరిపోతుంది.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. నగరం మురుగు, ప్లాస్టిక్, రాళ్లకు చిక్కుకుని ఏళ్ల తరబడి చేపలను చంపుతూ ఉండే తెగిన వలలు, వీటి ముందు సరదా డైవర్లు చేసే నష్టం తక్కువే. పైగా ఆ వలలను ముందు చూసేది డైవర్లే. 2021 డిసెంబర్‌లో తంతడి దగ్గర వలలో చిక్కి ఒడ్డుకు చేరిన తిమింగల సొరను అటవీశాఖ, జాలర్లు, మరికొందరు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. చలికాలం చివర్లో ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఆ నెలల్లో బోటు వేగం తగ్గించమని నడిపేవాళ్లను అడిగే హక్కు టికెట్ కొన్న మనకు ఉంది. వల కనిపిస్తే కొత్తవాళ్లు తీయబోవద్దు, చిక్కుకుపోతారు. చోటు గుర్తుపెట్టుకుని ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పాలి. అది తెగిన వలా, ఎవరైనా వేసిన వలా అన్నది జాలర్లకే తెలుస్తుంది.

ఇంతకూ ఒక్క విషయం గమనించండి. నెమ్మదిగా, లోతుగా, ఆపకుండా ఊపిరి తీసేవాడు నీళ్లలో నిలకడగా తేలతాడు. నిలకడగా తేలేవాడు రాయిని పట్టుకోడు, ఇసుక లేపడు, ఒక్కసారిగా పైకి దూసుకుపోడు. ఊపిరితిత్తులను కాపాడే అలవాటు, స్పాంజ్‌ను కాపాడే అలవాటు వేర్వేరు కాదు. గంటకు నాలుగు బ్యాచ్‌లు దింపే చోట ఆ అలవాటు నేర్పే టైం ఉండదు. ధర వంద రెండొందలు తక్కువని అలాంటి చోటుకు వెళ్లేకన్నా, ఒక్కొక్కరికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఉండి, ముందు నడుముల్లోతు నీళ్లలో సాధన చేయించే చోటు చూసుకోవాలి.

ఇదంతా ఫోన్లో బావకు చెప్పాను. "ఇరవై నిమిషాల దానికి ఇంత టెన్షనా?" అన్నాడు కానీ, ప్లాన్ మార్చడానికి ఒప్పుకున్నాడు. ముందు అరకు, తర్వాత సముద్రం అని తిరగేస్తే సరిపోతుందనుకున్నాం. అప్పుడు ఆదివారం డైవ్ అయిన కొన్ని గంటలకే విమానం ఎక్కాల్సి వస్తుంది, అదింకా ఎత్తు. చివరికి శనివారం ఉదయం ఏడింటికి డైవ్, ఆ రోజంతా ఊళ్లోనే కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, రాత్రి మా ఇంట్లోనే భోజనం, ఆదివారం ఏడు దాటాక అరకు అని కుదిరింది. అరకులో బస పోయింది, బొర్రా గుహలు మిగిలాయి.

శనివారం బావకు రెండు మీటర్ల దగ్గరే కుడి చెవి తెరుచుకోలేదు. అరచేయి ఊపి, చెవి చూపించాడు. ఇన్‌స్ట్రక్టర్ కొంచెం పైకి తెచ్చి మళ్లీ ప్రయత్నించాడు, రెండోసారి కూడా కుదరలేదు. బావ బోటు ఎక్కి కూర్చున్నాడు. అక్క దిగింది. పైకొచ్చి మాస్క్ తీశాక, ఒక రాతి సందులో అంగుళమంత పీత తననే చూస్తూ చేతులాడించిందని చెప్పింది. ఎంత దగ్గర నుంచి చూశావని అడిగాను.

"జానెడు దూరం నుంచి. ఇదిగో, దిగినప్పటి నుంచి చేతులు ఇలాగే కట్టుకుని ఉన్నాను" అంది.